తెల్ల నరం

కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అన్న మాట నన్ను చూసే పుట్టిందని మా బాపు నమ్మకం. నిజామాబాద్ బజారులో ఆయనకు చిన్న బట్టల దుకాణం ఉండేది. కొడుకు హైదరాబాద్ పోయి, ఉర్దూలో పెద్ద సైన్సు చదువు చదివి, ఊరికి తిరిగి వచ్చి బడిలో పంతులుగా కుదిరి, సాయంత్రం కాగానే పెరటి కొట్టంలో కూర్చుని గుడ్లకు సూదులతో బొక్కలు పెడుతున్నాడంటే ఏ తండ్రికైనా నలుగురిలో తలెత్తుకోవడం కష్టమే. దుకాణానికి వచ్చే మరాఠీ గిరాకీలు కొడుకు ఏం చేస్తాడని అడిగితే "మాస్తరు" అని అక్కడితో ఆపేవాడు. గుడ్ల సంగతి వాళ్ళకు ఎవరో ఒకరు ఎలాగూ చెప్పేవారు.

నేను ఏం చేస్తున్నానో నాకు మాత్రం తెలుసు. గుడ్డులో కోడిపిల్ల తయారయ్యేటప్పుడు ముందు వెన్ను ఏర్పడుతుంది. తర్వాత దాని పక్కన చిన్న మొటిమలాగా రెక్క మొలుస్తుంది. వెన్నులోంచి నరాలు బయలుదేరి ఆ మొటిమలోకి పోతాయి. అవి చేరాకనే రెక్క పిల్ల మాట వింటుంది. మరి ఆ మొటిమను కోసి, కాస్త పక్కకు జరిపి అతికిస్తే? నరం పాత చోటికే పోయి ఆగిపోతుందా, లేక దారి మార్చుకుని కొత్త చోటికి వస్తుందా? హైదరాబాద్‌లో మా ప్రొఫెసరు నాకు అప్పగించిన ప్రశ్న ఇది. దాంతోపాటు తన పాత మైక్రోస్కోపును కూడా గడ్డిలో చుట్టి, పెట్టెలో పెట్టి పంపించాడు.

పొదిగే యంత్రం అనేదాన్ని మా వైపు ఎవరూ చూసి ఎరుగరు. నాకున్నవి పొదుగుకు కూర్చునే రెండు పెట్టలు. అవ్వ, అంటే మా అమ్మ, గంపలో ఊక పోసి, ఉరుముకు గుడ్లు మురిగిపోకుండా అడుగున ఒక ఇనుప ముక్క వేసేది. ఉరుముకు, ఇనుముకు ఏం సంబంధమని ఒకసారి వాదించాను. పెట్టను ఏనాడైనా పొదుగుకు కూర్చోబెట్టిన మొగవాడు ఉన్నాడా అని ఆమె నోరు మూయించింది. గుడ్డును ఎండకు ఎత్తి పట్టుకుని పిల్ల ఎక్కడుందో చూసి, ఆకురాయితో పెంకును అరగదీసి చిన్న కిటికీ తెరిచేవాణ్ణి. గాజు కడ్డీని మంట మీద సాగదీసి చేసుకున్న సూదితో కోత. తర్వాత కిటికీ మీద పెంకు ముక్క అతికించి, మైనం కరిగించి పోసి, పెట్ట కిందికి తోసేవాణ్ణి. ఎక్కువ గుడ్లు చచ్చేవి. బతికిన కొన్నింటితోనే మా లోకం నడిచేది.

ప్రొఫెసరు పెట్టిన నియమం ఒకటుండేది. ప్రతిసారీ కొన్ని గుడ్లకు కిటికీ తెరిచి, లోపల ఏమీ ముట్టకుండా, అలాగే మూసేయాలి. చేయని గుడ్డు పక్కన లేకపోతే చేసిన గుడ్డు ఏం చెప్పిందో నీకు అర్థం కాదు అనేవాడు. ఆ నియమాన్ని నేను దేవుడి ముందు దీపంలాగా కాపాడుకున్నాను.

ఆ శీతాకాలంలో మా చెల్లె మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆమె అత్తగారిది ఎడపల్లి. కాలువ నీళ్ళు వచ్చినప్పటి నుంచి వాళ్ళు వరి తగ్గించి చెరుకు వేస్తున్నారు. బోధన్‌లో చక్కెర కార్ఖానా పొగగొట్టం లేస్తున్న రోజులవి. ఆ వైపు ఎవరిని కదిలించినా చెరుకు మాటే.

కాన్పు కష్టమైంది. తల బయటికి వచ్చింది కాని భుజం ఇరుక్కుపోయింది. మంత్రసాని పట్టి లాగింది. లాగకపోతే తల్లీబిడ్డా ఇద్దరూ పోయేవాళ్ళని తర్వాత దవాఖానా డాక్టరే అన్నాడు, కాబట్టి ఆమెను తిట్టడానికి మాకు నోరు లేదు. ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది, పాలు బాగా తాగింది. కాని కుడి చేయి భుజం నుంచి కిందికి తడి గుడ్డలాగా వేలాడుతూ ఉండింది. ఎత్తి వదిలితే పడిపోయేది. వేళ్ళు కూడా ముడుచుకునేవి కావు.

డాక్టరు చేతిని మడిచి, గుడ్డతో ఒంటికి కట్టి, సబర్ చేయమని, ఓపిక పట్టమని ఉర్దూలో చెప్పాడు. దీనికి మందు లేదట. కొందరు పిల్లలకు తిరిగి వస్తుందట, కొందరికి రాదట. ఎన్నాళ్ళు చూడాలని అడిగితే పైకి చూశాడు. అంతకంటే ఆయన మాత్రం ఏం చెప్పగలడు?

ఆ చేతిని చూడగానే నాకు అర్థమైంది. మెడ దగ్గర వెన్నులోంచి చేతికి వచ్చే నరాలు ఆ లాగుడులో తెగాయో, సాగిపోయాయో. నేను రోజూ సూది మొనతో చూస్తున్న చోటే అది. ఇంట్లో అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. ఆ తెలివి వల్ల ఎవరికి ఏం ఒరుగుతుందో మాత్రం తెలియదు.

బిడ్డను తొట్లెలో వేసే ఉయ్యాల వేడుక రోజున ఎడపల్లి నుంచి కచ్చురం బండిలో చెల్లె అత్తగారు, బావ వచ్చారు. అత్తగారు పెద్ద మనిషి, గట్టి మనిషి. మనుమరాలి చేతిని విప్పి చూసి, ఏమైందని నన్నే అడిగింది. చదువుకున్నవాణ్ణి కదా.

"నరం తెగి ఉంటది అత్తమ్మా," అన్నాను.

ఆమె వెంటనే పిల్ల మణికట్టు పట్టుకుని, కళ్ళు చిన్నవి చేసి కాసేపు చూసింది.

"నరం మంచిగనే ఆడుతున్నది గద కొడుకా. తెగిన నరం ఎట్ల ఆడుతది? తెగితే నెత్తురు గారదా?"

ఇది నెత్తురు నరం కాదని, నేను చెప్పేది తెల్ల నరమని అన్నాను. తెల్ల నరం తనకు తెలియకపోవడమేమిటని ఆమె ఆశ్చర్యపోయింది. కూరకు కోసిన యాట కాలుకు ఉంటుంది, కత్తి పెడితే జారుతుంది, ఎంత ఉడికినా ఉడకదు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఉర్దూలో చదువుకున్న నాకు నెత్తురు పారే దానికి ఒక మాట, కండను ఎముకకు కట్టేదానికి ఒక మాట, మెదడు మాటను మోసుకుపోయేదానికి ఇంకొక మాట తెలుసు. మా ఇంట్లో మాట్లాడే తెలుగులో మూడూ నరమే. గొంతు పెంచి మళ్ళీ చెప్పబోయాను. గొంతు పెంచినవాడి మాట మా వైపు ఎవరూ వినరు. నెత్తురు కారకుండా నరం తెగిందన్న పంతులుగా ఆ రోజు నుంచి ఆ ఇంటి లెక్కలో నేను మిగిలిపోయాను.

అంతకంటే కష్టమైన సంగతి తర్వాత అవ్వ చెబితే తెలిసింది. లోపలి గదిలో పడుకున్న చెల్లె చెవిన ఆ మాట పడింది. అన్న నరం తెగిందన్నాడంటే బిడ్డకు లోపల్లోపల నెత్తురు పోతున్నదని ఆమె అనుకుంది. పొద్దున లేవగానే పిల్ల గుడ్డలన్నీ వెలుగులోకి తెచ్చి మరక కోసం వెతుకుతున్నదట. ఎవరికీ చెప్పలేదు. నేను పరుగున పోయి పక్కన కూర్చుని, దుకాణంలోని తెల్ల దారం ఒకటి తెచ్చి, దీంట్లో నెత్తురు ఉండదు, కబురు మాత్రమే పోతుంది, తెగింది కబురు దారమే, ప్రాణానికి భయం లేదు అని మెల్లగా చెప్పాను. ఆమెకు అర్థమైంది. భయం పోలేదు, ప్రాణం మీద నుంచి చేతి మీదికి జరిగింది.

ఆ తొట్లె రోజునే అత్తగారు తన మాట కూడా చెప్పింది. భీమ్‌గల్ దిక్కు ఒక ఊళ్ళో సురుకులు పెట్టే ముసలాయన ఉన్నాడు. పసుపు కొమ్మును నిప్పుల్లో కాల్చి, పడిపోయిన చేతికి భుజం వెనక పెడతాడు. చచ్చిన నరం ఆ వేడికి లేస్తుంది. ఆలస్యం చేస్తే నరం చల్లబడిపోతుంది. నెల పిల్లకు నిప్పు పెడతారా అని నేను ఎగిరాను. ఆమె నా మీద కోపం తెచ్చుకోలేదు. తను ఇద్దరు పిల్లలను పోగొట్టుకుందట, ఇద్దరి విషయంలోనూ ఇంకొంచెం చూద్దాం, ఇంకొంచెం చూద్దాం అన్నారట. చూస్తూ కూర్చోవడమంటే ఏమిటో నాకు తెలియదని ఆమె అంది.

లోపలికి పోయి మైక్రోస్కోపు తెచ్చాను. కోడిపిల్లలను పల్చటి పొరలుగా కోసి, వెండి ఉప్పులో నానబెట్టి చేసిన గాజు పలకలు హైదరాబాద్ నుంచి అప్పుడే తెచ్చుకున్నాను. ఆ పద్ధతిలో నరాలు నల్లగా కనిపిస్తాయి. తెల్ల నరమని ఇంత గొడవ చేసి, తీరా చూపించేటప్పుడు అది నల్లగా ఉందేమిటని బావ అడిగాడు. వాకిట్లో ఎండకు అద్దం తిప్పి, ఒక పలక పెట్టాను. పక్కకు జరిపిన రెక్క అది. వెన్నులోంచి బయలుదేరిన సన్నటి పోగులు కొంత దూరం తమ పాత దారిన పోయి, వంపు తిరిగి, కొత్త చోటున్న రెక్కలోకి దూరుతున్నాయి. నేను మొదటిసారి చూసినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడిన పలక అది.

బావకు చీమల బారు కనిపించింది. అత్తగారు చాలాసేపు చూసి, ఇది పిట్టది కదా అని అడిగింది. అవునన్నాను. పిట్ట వేరు, మనిషి వేరు అంది. నన్ను రోజూ లోపల తినే సందేహాన్నే ఆమె బయటికి అనేసింది. గుడ్డులో ఇంకా పుట్టని నరం దారి వెతుక్కోవడం ఒకటి, పుట్టి, తెగిన నరం మళ్ళీ పెరగడం ఇంకొకటి. నా పలకలు రెండోదాని గురించి ఒక్క ముక్క చెప్పవు.

చివరికి చెల్లె చూసింది. బిడ్డను ఒడిలో పెట్టుకునే, కంటిని గాజుకు ఆనించి, ఎంతసేపటికీ లేవలేదు.

"తొవ్వ దానికెట్ల ఎరుకన్నా?" అని అడిగింది.

నరానికి దారి ఎలా తెలుస్తుందో నాకు తెలియదని చెప్పాను. ఎవరికీ తెలియదని చెప్పాను. ఆ తర్వాత నేను ఎన్ని దేశాల ప్రయోగశాలల్లో కూర్చున్నా, ఎన్ని వ్యాసాలు రాసినా, అందరూ గంభీరమైన మాటలతో అడిగినది మా చెల్లె వాకిట్లో అడిగిన ఆ ప్రశ్ననే. నా బతుకంతా దాని మీదనే గడిచింది. ఆ రోజు మాత్రం అందరూ నా నోటి నుంచి వేరే మాట కోసం చూస్తున్నారు.

"చెయ్యి వస్తదా, రాదా?" అన్నాడు బావ.

"రావచ్చు."

"రావచ్చు అంటే రాకపోవచ్చు గద," అంది అత్తగారు.

అవును, రాకపోవచ్చు. అబద్ధమాడి వస్తుందనలేకపోయాను, అలాగని నిప్పు పెట్టనివ్వనూ లేకపోయాను. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. బాపు మధ్యలోకి వచ్చి ఉగాది దాకా ఆగుదామని తీర్పు చెప్పాడు. అప్పటికీ కదలకపోతే వాళ్ళ ఇష్టం. అత్తగారు ఒప్పుకుని మాట ఇచ్చింది. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదని ఊళ్ళో అందరూ ఎరుగుదురు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయంటే చెప్పలేను. పొద్దున బడికి పోయే ముందు పిల్ల కుడి అరచేతిలో నా వేలు పెట్టేవాణ్ణి. ఎడమ చేయి వెంటనే పట్టుకునేది, వదిలేది కాదు. కుడి చేయి నా వేలిని ఎరగనట్టు పడి ఉండేది. తడి దూదితో మోచేయి తుడిచేవాణ్ణి. ఏమీ లేదు. చెల్లె నా చేతిని చూసేది కాదు, నా ముఖాన్ని చూసేది. అందుకని ముఖం మార్చకుండా ఉండడం నేర్చుకున్నాను. కొట్టంలో పని పాడైంది. కోయాల్సిన చోటు దాటి కోసేవాణ్ణి. పెట్ట కింద గుడ్లు చల్లబడిపోతే గాని గుర్తొచ్చేవి కావు. బడిలో పిల్లలను అయినదానికి కానిదానికి కొట్టాను. బాపు నన్ను వెక్కిరించడం మానేశాడు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

ఉగాది ఇంకా దూరముండగానే చెల్లెను తీసుకుపోయారు. చెరుకు కొట్టే రోజులు, ఇంట్లో మనిషి కావాలి. ఆపడానికి మాకు హక్కు లేదు. అప్పటి నుంచి నేను ఆదివారం ఆదివారం కిరాయి సైకిలు మీద ఎడపల్లి పోయేవాణ్ణి. దారి పొడుగునా చెరుకు బండ్లు, పక్కకు జరగని ఎద్దులు. పోయినవాణ్ణి పోయినట్టే పిల్ల అరచేతిలో వేలు పెట్టేవాణ్ణి. అత్తగారు మంచినీళ్ళు ఇచ్చి, పక్కన నిలబడి చూసేది. ఉగాది దగ్గరికి వస్తున్నదని మా ఇద్దరికీ తెలుసు.

ఒక ఆదివారం పిల్ల నిద్రపోతున్నదని, విప్పవద్దని చెల్లె అంది. మూడుసార్లు అంది. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. చెరుకు కొట్టే కూలీలకు వండి వండి అలిసిపోయిందనుకుని, ఆమె అత్తగారిని మనసులో తిట్టుకుంటూ తిరిగి వచ్చాను.

ఆ తర్వాత రెండు ఆదివారాలు పోయాక, నా వేలు ఆ అరచేతిలో ఉండగా, వేళ్ళు కదిలాయి. నేను నమ్మలేదు. వేలు తీసి మళ్ళీ పెట్టాను. పట్టుకుంది. బలం లేదు, ఈగ వాలినంత. కాని పట్టుకుంది. ఇంకొక ఆదివారానికి మోచేయి వంగింది. వాళ్ళ అరుగు మీద కూర్చుని, మొగవాణ్ణన్న సిగ్గు లేకుండా ఏడ్చాను. నరం వచ్చింది. మెడ నుంచి భుజం దాకా, భుజం నుంచి వేళ్ళ దాకా, పోగులు పోగులుగా ఆ చీకట్లో దారి వెతుక్కుంటూ వచ్చింది. మనిషిలోనూ వస్తుంది. ఇంటికి పోయి చెబితే బాపు, గుడ్డుకు ఈకలు మొలిచినయన్నమాట అన్నాడు. మళ్ళీ వెక్కిరించాడని నా ప్రాణం లేచి వచ్చింది.

ఉగాదికి మమ్మల్ని ఎడపల్లి పిలిచారు. ఆ పొద్దున నేను కొంచెం విర్రవీగానని ఒప్పుకోవాలి. అత్తగారితో, చూశావా అత్తమ్మా, తెల్ల నరం అన్నాను, నవ్వారు కదా అన్నాను. ఆమె నవ్వి, పచ్చడి గిన్నె అందుకుంది. పెరట్లో నీళ్ళ గోలెం దగ్గర చెల్లె బిడ్డకు నీళ్ళు పోస్తున్నది. చెయ్యి ఎంతవరకు లేస్తుందో చూద్దామని పోయాను. చెల్లె నన్ను చూడలేదు. పిల్లను కాళ్ళ మీద బోర్లా వేసుకుని ఉంది.

కుడి భుజం వెనక మూడు మచ్చలు, బొట్టు బిళ్ళంత, ఇంకా ఎర్రగా ఉన్నాయి.

నేను వెనక్కి తిరిగి అత్తగారి మీద పడ్డాను. మాట ఇచ్చి తప్పారని, పసిపిల్లను కాల్చారని, నోటికి వచ్చిందల్లా అన్నాను. పండుగ పూట ఇంటినిండా జనం. ఆమె అంతా విని, చేతిలోని పచ్చడి గిన్నె కింద పెట్టింది.

"నేను మాట తప్పలే కొడుకా. నీ శెల్లెను అడుగు," అంది.

మళ్ళీ గోలెం దగ్గరికి పోయాను. చెల్లె బిడ్డను తుడిచి, గుడ్డ చుట్టి ఒళ్ళోకి తీసుకుంది. అందరికంటే ఎక్కువసేపు మైక్రోస్కోపులో చూసింది ఈమెనే కదా, ఈమె తనంతట తానే సురుకులాయన దగ్గరికి ఎందుకు పోయింది? అదే అడిగాను.

"నీ గంపల శానా గుడ్లుంటయన్నా. కొన్నిటికి చేస్తవ్, కొన్నిటికి చెయ్యవ్. నాకు ఒక్కతే బిడ్డ. నువ్వు రావచ్చు అన్నవ్, సురుకులాయన వస్తది అన్నడు. రెండూ చేసిన."

చేయి వచ్చింది. నా ఇంట్లో నరం వచ్చిందంటారు, ఈ ఇంట్లో సురుకు పనిచేసిందంటారు. ఇక ఎప్పటికీ ఎవరూ తేల్చలేరు. నాకు అది మింగుడు పడలేదు. ఆలోచించగా ఒక్క దారి మిగిలి ఉన్నట్టు తోచింది. నిప్పు తగిలిన క్షణాన ఆ చేయి ఏ కొంచెమైనా ముడుచుకుని ఉంటే, సురుకు కంటే ముందే నరం వచ్చేసిందన్నమాట. అలా అయితే నేను చెప్పిందే నిజం. చూసినవాళ్ళు చెప్పాలి అంతే. బిడ్డను పట్టుకుని కూర్చున్నది ఆమెనే కదా.

"శెల్లె, సురుకు పెట్టంగ ఈ చెయ్యి కదిలిందా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. బిడ్డ కుడి చేతిని తన పిడికిట్లోకి తీసుకుంది.

"నేను సూడలే అన్నా," అంది. "కండ్లు మూసుకున్న."